అరవై రోజుల నోటీసు వచ్చింది, ఇల్లు దక్కుతుందా?

ప్రశ్న: అయ్యా, మాది కాశీబుగ్గ. మా ఆయన మస్కట్‌లో వెల్డింగ్ పని చేసేవారు. 2019 చివర్లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో ఇద్దరి పేరునా 16 లక్షలు అప్పు తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. ఇరవై ఏళ్లకు నెలకు 14,400 వాయిదా. ఐదేళ్లు ఒక్క నెల తప్పలేదు. ఆయనకి రెండు కిడ్నీలూ పాడై ఇంటికొచ్చేశారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. పింఛను పదివేలు వస్తోంది. మా అబ్బాయి చదువుకుంటున్నాడు. నేను జీడిపప్పు ఫ్యాక్టరీకి పీలింగ్‌కి వెళ్తే నెలకు ఎనిమిది వేలు చేతికొస్తోంది. ఐదు వాయిదాలు కట్టలేకపోయాం. ఇరవై రోజుల కిందట ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. 60 రోజుల్లో 14 లక్షల 90 వేలు కట్టాలని ఉందట. కంపెనీ మనుషులు వీధిలో నిలబడి అరుస్తున్నారు. మా మామగారి జీడితోట కూడా పోతుందంటున్నారు. మా మరిది ఇల్లు తన పేర రాసేయమంటున్నాడు. ఊళ్లో ఒకాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. ఇల్లు అమ్మితే 26 లక్షల దాకా వస్తుందంటున్నారు గానీ మనసు ఒప్పట్లేదు. అప్పు ఇచ్చినప్పుడు ఇన్సూరెన్సు అని 46 వేలు పట్టుకున్నారు, అదేటో తెలీదు. ఏటి చెయ్యాలో తోచట్లేదు.
ఒక చెల్లెలు, కాశీబుగ్గ

జవాబు:

అమ్మా,

ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు, ఇన్సూరెన్సు కింద 46 వేలు పట్టుకున్నారని రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు కంపెనీలు చాలాసార్లు దానితో పాటు ఒక బీమా పాలసీ కూడా చేయిస్తాయి. ప్రీమియం మొత్తం ఒకేసారి అప్పులోంచే పట్టుకుంటాయి. వీటిలో కొన్ని మనిషి పోతేనే డబ్బిస్తాయి. కొన్నిటిలో మాత్రం పెద్ద జబ్బులకు కూడా కవర్ ఉంటుంది. క్రిటికల్ ఇల్‌నెస్ అని రాసి ఉంటుంది. ఆ జబ్బుల పట్టికలో కిడ్నీలు పూర్తిగా పాడై డయాలసిస్ మీద బతకాల్సి రావడం మామూలుగా కనిపించే వాటిలో ఒకటి. మీ పాలసీలో ఆ కవర్ ఉందో లేదో పాలసీ కాగితం చూస్తే తప్ప నేను చెప్పలేను. ఉంటే మాత్రం అప్పులో పెద్ద భాగం, ఒక్కోసారి మొత్తం, బీమా కంపెనీయే తీర్చాల్సి వస్తుంది. ఆ ముక్క ఎవరూ చెప్పక, ఇంట్లో పాలసీ పెట్టుకునే ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అందుకని ముందు అప్పు తాలూకు ఫైలు దించండి. పాలసీ బాండు గానీ, సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అనే ఒకటి రెండు పేజీల కాగితం గానీ ఉంటుంది. దొరక్కపోతే కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి, కాపీ ఇవ్వాల్సిందే. అందులో మీ ఆయన పేరు, జబ్బుల పట్టిక, క్లెయిము ఎన్నాళ్లలో పెట్టాలన్న గడువు చూడండి. గడువు దాటిపోయినా వదలొద్దు. మస్కట్ నుంచి జబ్బుతో రావడం, పాలసీ ఉన్న సంగతే తెలియకపోవడం, ఉన్నదున్నట్టు రాసి క్లెయిము పెట్టండి. మొదట జబ్బు బయటపడినప్పటి రిపోర్టులు, డయాలసిస్ రికార్డు జతచేయండి. అప్పు తీసుకునేనాటికే జబ్బు ఉందా అని వాళ్లు తవ్వుతారు, కాబట్టి 2019కి ముందువి, గల్ఫ్ వెళ్లేటప్పుడు చేయించిన మెడికల్ లాంటివి ఉంటే అవీ వెతకండి. క్లెయిము కొట్టేస్తే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి ఏడాది లోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక నోటీసు సంగతి. నేను ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేశాను, చివరి కొన్నేళ్లు విజయనగరంలో వసూళ్ల విభాగంలో. మీకొచ్చినలాంటి నోటీసుల మీద సంతకం పెట్టినవాణ్ణి. కాబట్టి అందులో ఏముందో, ఏం లేదో చెప్పగలను.

అది 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇచ్చే మొదటి నోటీసు. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతాను ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అని రాసుకుంటారు. ఆ తర్వాత, కోర్టుకు వెళ్లకుండానే తనఖా పెట్టిన ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం ఈ చట్టం అప్పిచ్చినవాళ్లకు ఇచ్చింది. అలాగని మొదటి నోటీసుతోనే ఇంటికి తాళం వెయ్యలేరు. ముందు 60 రోజులు ఆగాలి. ఈ అరవై రోజుల లెక్క నోటీసు మీది తేదీ నుంచి వేసుకోండి, చేతికందిన రోజు నుంచి కాదు. నోటీసు వచ్చి ఇరవై రోజులంటున్నారు గానీ దాని మీది తేదీ అంతకంటే ముందుదే అయ్యుంటుంది. మీకు నలభై రోజులు లేవని అనుకుని కదలండి.

ఈ వారంలోనే నోటీసుకు రాతపూర్వకంగా జవాబివ్వండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, నోటీసు మడిచి బీరువాలో పెట్టేస్తారు. మీ జవాబుకు కంపెనీ 15 రోజుల్లో సమాధానం చెప్పాలి, ఒప్పుకోకపోతే ఎందుకో కారణం రాయాలి. అది చట్టంలోనే ఉంది. తెలుగులో రాసినా పర్లేదు. ఐదేళ్లు ఒక్క వాయిదా తప్పలేదన్నది, జబ్బు సంగతి, బీమా క్లెయిము పెడుతున్నామన్నది, ఖాతా స్టేట్‌మెంటు మొత్తం కావాలన్నది రాయండి. కాపీ మీద స్టాంపు వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచండి. నోటి మాటలకు ఈ వ్యవహారంలో విలువ లేదు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఎంత మంచివాడైనా సరే, రేపు అతను బదిలీ అయిపోతాడు.

స్టేట్‌మెంటు ఎందుకంటే, మీరు చెప్పిన అంకెలతో నేను లెక్క వేసి చూశాను. 9 శాతం వడ్డీ అనుకుంటే, ఐదేళ్లు సక్రమంగా కట్టాక అసలు 14 లక్షల 20 వేల దగ్గర ఉండాలి. ఐదు నెలల వడ్డీ ఇంకో 53 వేలు. నోటీసులో అడిగిన 14 లక్షల 90 వేలకు, ఈ మొత్తానికి 17 వేల దాకా తేడా ఉంది. మీ వడ్డీ రేటు వేరైతే నా లెక్క కొంచెం మారుతుంది. కానీ ఆ తేడాలో ఏ ఛార్జీలు వేశారో అడిగే హక్కు మీకుంది. వాయిదా తప్పినందుకు వేసే జరిమానాను వడ్డీలా లెక్కగట్టకూడదనీ, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వెయ్యకూడదనీ రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. 2024 నుంచి అది అమల్లో ఉంది.

మీ మరిది సలహా మాత్రం వినొద్దమ్మా. ఆయన మంచికే చెప్పి ఉండొచ్చు. కానీ ఈ నోటీసు అందాక కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మడం, ఇంకొకరి పేర రాయడం, కొత్తగా లీజుకివ్వడం ఈ చట్టం కింద నేరం. ఏడాది దాకా జైలు శిక్ష వేసే వీలుంది. పైగా తనఖా ఎక్కడికీ పోదు, రిజిస్ట్రేషన్ అయినా ఇల్లు వేలానికి వస్తుంది. మీరు నిజాయితీగా కట్టుకొచ్చినవాళ్లన్న పేరు ఒక్కటే పోతుంది. ఆ పేరే ఇప్పుడు మీకు పనికొచ్చేది.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. లక్ష తీసుకుంటే నెలకు మూడు వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అంతకంటే భయపడాల్సింది వేరే ఉంది. ఆయన ఇంటి మీద ‘అమ్మకం అగ్రిమెంటు’ రాయించుకుంటానంటాడు, ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రోనోట్లు అడుగుతాడు. ఒక్క సంతకం కూడా పెట్టొద్దు. కంపెనీ మిమ్మల్ని ఎంత తిప్పినా, దానికి ఒక చట్టం ఉంది, పైన అడిగేవాళ్లున్నారు. వీధి వడ్డీకి అవేవీ లేవు.

మామగారి జీడితోట గురించి నిశ్చింతగా ఉండండి. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. తోటను మీరు తనఖా పెట్టనూ లేదు. ఒక్కటి మాత్రం కనుక్కోండి. మామగారు జామీను సంతకం ఏమైనా పెట్టారా? పెట్టి ఉంటే, ఇల్లు అమ్మినా తీరని బాకీకి కోర్టు ద్వారా ఆయన మీదికి రావచ్చు. అది వేరే దారి, ఏళ్లు పడుతుంది. వీధిలో నిలబడి తోట పట్టుకుపోతామని అరవడం వట్టి బెదిరింపు. 2018 తిత్లీ తుపానులో ఉద్దానం జీడిచెట్లు కూలిపోతే మళ్లీ మొక్క నాటి పెంచుకున్న ఇళ్లు మీవి, తోట మాట ఎత్తితే గుండె ఎలా జారుతుందో వాళ్లకు తెలుసు.

ఆ మనుషుల సంగతి కూడా. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, వీధిలో పరువు తీయకూడదు, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ చెప్పకూడదు. రిజర్వ్ బ్యాంకు నియమం ఇది. ఎవరొచ్చినా ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ కాగితం చూపించమనండి. మీ అబ్బాయి చేత వీడియో తీయించండి, తేదీ, టైము ఒక పుస్తకంలో రాసుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు. అక్కడ తేలకపోతే, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు చూసేది నేషనల్ హౌసింగ్ బ్యాంకు, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. అప్పు బ్యాంకుదైతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లాలి. డయాలసిస్ మనిషి ఉన్న ఇంటి ముందు కేకలు వేస్తే పోలీసు స్టేషన్‌కి వెళ్లడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది కఠినంగా ఉంటుంది, అయినా రాస్తున్నాను.

చట్టం ప్రకారం ఇల్లు విడిపించుకోవాలంటే మొత్తం 14 లక్షల 90 వేలూ కట్టాలి. కానీ వ్యవహారంలో, నిలిచిపోయిన వాయిదాలు మొత్తం, అంటే 72 వేలు, దాని మీద ఛార్జీలు ఒకేసారి కడితే ఖాతాను మామూలు ఖాతాగా మార్చవచ్చు. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి కూడా. సగం కడితే కుదరదు, బకాయి పైసాతో సహా తీరాలి. బంగారం బ్యాంకులో పెట్టి ఈ 72 వేలు తేవచ్చని మీ మనసులో ఉండే ఉంటుంది. ఆగండి. వచ్చే నెల మళ్లీ 14,400 ఉంది. ఇంట్లోకి వచ్చేది 18 వేలు. వాయిదా పోగా మిగిలే 3,600తో మందులు, తిండి, పిల్లాడి చదువు నడవవు. బీమా క్లెయిము ఒప్పుకుంటారన్న ఆధారం చేతికొచ్చేదాకా మెడలోది తియ్యొద్దని నా మాట. వస్తుందన్న కాగితం కనబడితే అప్పుడు తియ్యండి, అందులో తప్పులేదు.

వాయిదా తగ్గించమని అడగొచ్చు, గడువు పొడిగించమంటే పొడిగిస్తారు కూడా. అయితే జనం అనుకున్నంత తగ్గదు. 14 లక్షల 90 వేలను 25 ఏళ్లకు సాగదీసినా నెలకు 12,500 కట్టాలి. ఇప్పుడున్న పదిహేనేళ్లకు ఇంకో పదేళ్లు మోస్తే తగ్గేది 1,900. ఇంత చిన్న ఊరటకి అంత పెద్ద బరువు ఎత్తుకోమని నేను చెప్పలేను. దానికి బదులు ఆరు నెలలు వాయిదాలు ఆపమనో, క్లెయిము తేలేదాకా వడ్డీ ఒక్కటే కడతామనో అడగండి. వడ్డీ అయినా పదివేలు దాటుతుంది, కానీ కొద్ది నెలలే కాబట్టి మీ అన్నదమ్ములెవరైనా చేయి వేసే వీలుంటుంది.

క్లెయిము రాకపోతే? అప్పుడు నా సలహా, ఇల్లు మీరే అమ్ముకోండి. మనసు ఒప్పట్లేదన్నారు. మస్కట్ ఎండలో ఆయన కరిగించిన ఒళ్లు ఆ గోడల్లో ఉంది, ఎలా ఒప్పుతుంది? కానీ 26 లక్షలకు అమ్ముడైతే అప్పు తీర్చి ఖర్చులు పోగా పది లక్షలకు పైగా మీ చేతిలో ఉంటుంది. అదే కంపెనీ వేలం వేస్తే, కొనేవాళ్లు తగ్గించి పాడతారు, మనుషులున్న ఇల్లంటే వెనకాడతారు. అప్పటిదాకా పెరిగిన వడ్డీ, నోటీసుల ఖర్చు, పత్రికా ప్రకటనల ఖర్చు అన్నీ మీ ఖాతాలోనే రాస్తారు. మిగిలిన డబ్బు మీకివ్వాలని చట్టంలో ఉంది, ఇస్తారు కూడా. మిగిలితేనే.

అమ్మడానికి దారి ఇలా ఉంటుంది. కొనేవాళ్లు దొరికితే ఇల్లు అమ్మి అప్పు తీరుస్తామని, అనుమతివ్వమని కంపెనీకి రాయండి. వాళ్లు ఫోర్‌క్లోజర్ లెటర్ ఇస్తారు, ఫలానా తేదీకి ఇంత కడితే అప్పు తీరిపోతుందని. మీది తేలే వడ్డీ (ఫ్లోటింగ్, అంటే రేటు ఎప్పటికప్పుడు మారే) అప్పయితే ముందుగా తీర్చినందుకు జరిమానా ఉండకూడదు. కొనేవాళ్లు బ్యాంకు అప్పుతో కొంటే ఆ బ్యాంకే నేరుగా మీ కంపెనీకి చెల్లిస్తుంది, అదే మంచిది. నగదు బేరాలకు పోకండి. అప్పు తీరిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023లో నియమం పెట్టింది.

ఓటీఎస్ అనే మాట మీ చెవిన పడి ఉంటుంది, కొంత తగ్గించుకుని ఒక్కసారిగా తీర్చుకోవడం. మీ ఇంటి విలువ అప్పు కంటే చాలా ఎక్కువ కాబట్టి కంపెనీ పెద్దగా తగ్గించదు. ఛార్జీలు, జరిమానాలు వదిలేయమని పట్టుబట్టండి, అంతవరకు రావచ్చు. మన అప్పుల చరిత్ర రాసుకునే సిబిల్ రికార్డులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, మళ్లీ అప్పు పుట్టడం కష్టమవుతుంది. ఈ బేరానికి లోక్ అదాలత్ మంచి చోటు. అక్కడ ఫీజు లేదు, ఒప్పందమైతే కోర్టు తీర్పుతో సమానం. అప్పీలు ఉండదు కాబట్టి కట్టగలిగిన తేదీకే ఒప్పుకోండి.

ఇంకోటి మీకు తెలియాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. అప్పులో మీ పేరూ ఉంది కాబట్టి మీరే వెళ్లండి. శ్రీకాకుళం జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నోటీసుకు జవాబు రాయడానికి కూడా వాళ్ల సాయం తీసుకోండి.

అరవై రోజులూ దాటిపోతే ఏమవుతుంది? తలుపుకు స్వాధీన ప్రకటన అంటిస్తారు, ఏడు రోజుల్లో రెండు పత్రికల్లో వేస్తారు, ఒకటి తెలుగుది ఉండాలి. అది కాగితం మీద స్వాధీనమే, ఆ రోజే మిమ్మల్ని బయటికి పంపరు. మీరు తాళం ఇవ్వనంటే వాళ్లు కలెక్టరు దగ్గర గానీ, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గర గానీ ఉత్తర్వు తెచ్చుకోవాలి, తర్వాతే అధికారులు, పోలీసులు వస్తారు. ప్రకటన అంటించిన నాటి నుంచి 45 రోజుల్లో విశాఖపట్నంలోని డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, పలాసలో రైలెక్కితే పూటలో పని. మామూలు సివిల్ కోర్టుకు ఇందులో అధికారం లేదు, అక్కడ స్టే తెస్తానని డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి. డీఆర్‌టీ కూడా మన కష్టం చూసి ఆపదు. నోటీసు ఇచ్చిన తీరులో, లెక్కలో, విలువ కట్టడంలో కంపెనీ తప్పు చేసిందా అని చూస్తుంది. అందుకే కవరు దగ్గర నుంచి ప్రతి కాగితం దాచమంటున్నాను.

వేలానికి 30 రోజుల ముందు ఇంకో నోటీసు వస్తుంది. అసలు గడువు అది. వేలం ప్రకటన పత్రికలో పడే లోపు మొత్తం కట్టేస్తే ఇంటిని విడిచిపెట్టక తప్పదు. పడ్డాక ఆ హక్కు పోతుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమ్మకమైనా, క్లెయిమైనా, చుట్టాల సాయమైనా ఆ ప్రకటనకు ముందే పూర్తి కావాలి.

ఒకాయన గుర్తొస్తున్నాడు. జూట్ మిల్లు మూతపడి పని పోయిన మనిషి. నేను మూడు నోటీసులు పంపాను, మూడూ ఇంగ్లీషులోనే. బ్రాంచికి వస్తే నలుగురూ చూస్తారని రాలేదు. వేలం అయిపోయిన నాలుగో రోజున, అమ్మాయి పెళ్లికని దాచిన మూడు లక్షలు గుడ్డలో చుట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయన బకాయి అంతకంటే తక్కువే. మూడు నెలల ముందు వచ్చి ఉంటే నేను ఖాతా సరిచేసి పంపేవాణ్ణి. ఆ మూడు నోటీసుల్లో ఒక్కదాన్నయినా తెలుగులో పంపించి ఉండాల్సింది, ఒక్కసారి ఆ ఇంటికి నేనే వెళ్లి ఉండాల్సింది. ఆ గుడ్డ మూట తిరిగి చేతికిచ్చిన రోజు నేను ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

అందుకే మీరు కంపెనీ ఆఫీసుకి తలెత్తుకుని వెళ్లండి. డయాలసిస్ లేని రోజు చూసుకుని, అబ్బాయిని వెంటబెట్టుకుని, నోటీసు, స్టేట్‌మెంట్లు, ఆసుపత్రి కాగితాలు తీసుకుని వెళ్లండి. ఆ పాలసీ కాగితం దొరికితే దాని ఫొటో నాకు పంపండి, జబ్బుల పట్టిక ఉన్న పేజీ స్పష్టంగా పడేలా. నేను చదివి చెబుతాను.